ఫ్లాక్ (ఆంగ్ల పదం)

ఫ్లాక్ అనేది తీవ్ర విమర్శ, నిరసన అనే అర్థాలలో వాడబడే ఒక ఆంగ్ల వ్యావహారిక పదం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో విమాన విధ్వంసక ఫిరంగులకు, వాటి కాల్పులకు ఇది పేరు. ఒక నిర్ణయంపై గాని, ప్రకటనపై గాని అనేకుల నుండి ఒకేసారి వెలువడే ఆక్షేపణలను నేడు ఈ పదంతో సూచిస్తారు.

వ్యుత్పత్తి

ఇది జర్మన్ భాషలోని ఫ్లీగర్‌అబ్‌వేర్‌కనోనె అనే సమాసానికి సంక్షిప్త రూపం. ఫ్లీగర్ అనగా వైమానికుడు, అబ్‌వేర్ అనగా రక్షణ, కనోనె అనగా ఫిరంగి. ఈ పదం 1930ల చివరలో ఆంగ్లంలో ప్రవేశించింది.

జర్మనీ వాడిన ఈ రకం ఫిరంగులలో 88 మిల్లీమీటర్ల ఫిరంగి ప్రసిద్ధమైనది. దీని గుండు విమానానికి నేరుగా తగలనవసరం లేదు. నిర్ణీత సమయానికి ఆకాశంలో పేలి, చుట్టూ లోహపు ముక్కలను వెదజల్లేది. బాంబులు వేసే సమయంలో విమానం దారి మార్చకుండా సాగవలసి ఉండటం వలన, సిబ్బంది ఆ కాల్పుల మధ్య నుండే వెళ్ళవలసి వచ్చేది. ఆ ముక్కల నుండి రక్షణకై అమెరికన్ వైమానికులు ధరించిన కవచానికి ఫ్లాక్ జాకెట్ అనే పేరు వచ్చింది.

అర్థ పరిణామం

విమర్శ అనే అర్థం 1960లలో అమెరికన్ ఆంగ్లంలో వ్యాపించింది. అమెరికన్ రచయిత టామ్ వుల్ఫ్ 1970లో ప్రచురించిన పుస్తకం పేరులో ఫ్లాక్ క్యాచర్స్ అనే మాట ఉంది. పై అధికారులకు బదులుగా ప్రజల ఆగ్రహాన్ని ఎదుర్కొనే చిన్న ఉద్యోగులని దీని భావం.

ఎడ్వర్డ్ హెర్మన్, నోమ్ చోమ్‌స్కీ 1988లో వెలువరించిన మాన్యుఫాక్చరింగ్ కన్సెంట్ గ్రంథంలో ఈ పదానికి ప్రత్యేక అర్థం ఉంది. వార్తా సంస్థలపై ఉత్తరాలు, ఫోన్లు, దావాలు, ఫిర్యాదుల రూపంలో వచ్చే ఒత్తిడిని వారు ఫ్లాక్ అన్నారు. వార్తలను వడగట్టే ఐదు అంశాలలో దీనిని ఒకటిగా పేర్కొన్నారు. దీని ప్రకారం ఫ్లాక్ కేవలం అభిప్రాయ ప్రకటన కాదు, నోరు మూయించే సాధనం కూడా కాగలదు.

వాడుక

ఈ అర్థంలో ఫ్లాక్ నామవాచకం. దీనికి బహువచనం వాడరు. గెట్, టేక్, క్యాచ్, డ్రా, ఫేస్ వంటి క్రియలతో కలిసి వస్తుంది. చిన్న పదం కావడం వలన భారతీయ ఆంగ్ల పత్రికల శీర్షికలలో తరచుగా కనిపిస్తుంది. గుణదోషాలను తూచి చేసే సాహిత్య విమర్శకు ఈ పదం తగదు.

చివరి అక్షరమైన 'కె'కు ముందు 'సి' చేర్చి వ్రాసే రూపాన్ని కూడా నిఘంటువులు అంగీకరిస్తాయి. అయితే ఆ రూపానికి ప్రచారకర్త అనే వేరే అర్థం కూడా ఉన్నందున, విమర్శ అనే అర్థంలో 'సి' లేని రూపమే మేలు.

తెలుగులో

సందర్భాన్ని బట్టి "విమర్శలు వెల్లువెత్తాయి", "విమర్శల పాలయ్యారు", "దుమ్మెత్తిపోశారు" అని అనువదించవచ్చు. "విమర్శనాస్త్రాలు సంధించారు" అనే ప్రయోగం కూడా యుద్ధ పరిభాష నుండి వచ్చినదే. కాని అందులో అస్త్రం వేసేవారు ప్రధానం. ఫ్లాక్ ప్రయోగాలలో సాధారణంగా దెబ్బలు తినేవారు ప్రధానం. కావున "విమర్శల పాలగు" అనునది మూలానికి ఎక్కువ దగ్గరగా ఉంటుంది.