కాలి వాపు – ఒక వైద్యం కథ



1971లో కాన్పయిన వారానికి మా అక్కయ్య ఎడమకాలు తొడ దాకా వాచింది. బాలింత వాతమన్నారు. ఇటుక కాపడం పెట్టి, ఆముదంతో రుద్దాము. తొమ్మిదవ రోజున లేచి నిలబడుతూనే ఆయాసపడి కూలిపోయింది. ఎందుకో ఎవరికీ తెలియలేదు.

2018లో రెండు రాత్రుల రైలు ప్రయాణం తరువాత నా పిక్క అలాగే వాచింది. డాక్టరుగారు డాప్లర్ స్కాన్ తీయించి, "లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. అది విడిపోయి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. రుద్దకండి" అన్నారు. అక్కయ్య సంగతి చెబితే, "అదే అయి ఉంటుంది" అన్నారు. అప్పటినుండి ఈ వైద్యం చరిత్ర చదివాను.

గడ్డ కాలినుండి ఊపిరితిత్తులకు ప్రయాణిస్తుందని 19వ శతాబ్దం మధ్యలో జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో చూపించారు. మందు మాత్రం లేదు. జలగలు పట్టించడం, వారాల తరబడి మంచాన పడుకోబెట్టడం, లేదా ఆ సిరనే కట్టివేయడం!

1916లో అమెరికాలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి చేసిన పరిశోధన హెపారిన్‌కు దారి తీసింది. 1930లలో దానిని శుద్ధిచేసి రోగులకు ఇంజెక్షనుగా ఇచ్చారు. మాత్ర కథ మరీ విచిత్రం. 1920లలో అక్కడ బూజుపట్టిన ఒక రకం పశుగ్రాసం తిన్న పశువులు నెత్తురోడి చనిపోయేవి. ఆ గడ్డిలోని దోషాన్ని విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ బృందం పట్టుకుంది. దాని నుండే వార్ఫరిన్ పుట్టింది. 1948లో ఎలుకల మందు, 1954లో మనుషుల మందు!

1960లో ఇంగ్లండులోని బ్రిస్టల్ వైద్యులు, గడ్డ ఊపిరితిత్తులకు చేరిన రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. మందు ఇవ్వని 19 మందిలో 5గురు ఆ గడ్డతోనే మరణించారు. మందు ఇచ్చిన 16 మందిలో అలా ఒక్కరూ పోలేదు.

ఈ మందులు గడ్డను కరిగించవు, పెరగనీయవు. కరిగించుకునే పని శరీరానిదే. అందుకే కనీసం మూడు నెలలు వాడాలి. నేరుగా కరిగించే మందులతో రక్తస్రావం భయం ఎక్కువ కనుక కాలికో ప్రాణానికో ముప్పున్నవారికే ఇస్తారు. అసలు పలుచన మందే పడనివారికి పొట్టలోని పెద్ద సిరలో జాలీ వంటి ఫిల్టరు అమరుస్తారు. 1996లో వెలువడిన పరిశోధనలతో ఇంటివద్దనే ఇంజెక్షను తీసుకోవచ్చునని తేలింది. 2010 తరువాత తరచు రక్తపరీక్ష అక్కరలేని మాత్రలు వచ్చాయి. నన్ను మూడవ రోజునే నడవమన్నారు.

1971 నాటికే మందు ఉంది. మా ఊరికి జబ్బు పేరే చేరలేదు. అందుకే ఈ నాలుగు మాటలు. ఒక్క కాలే వాచి, నొప్పి పెడితే రుద్దకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే క్షణం ఆలస్యం చేయకండి.