ఆరు కల్దార్లు, ఏడు హాలీలు

జంటనగరాల్లో ఒకప్పుడు రెండు రకాల రూపాయలు నడిచేవి. సికింద్రాబాదు కంటోన్మెంటులో బ్రిటిషువాళ్ళ కల్దారు, హుస్సేన్ సాగర్ దాటితే చార్మినార్ బొమ్మున్న నిజాం హాలీ సిక్కా. మారకం సుమారుగా ఆరు కల్దార్లకి ఏడు హాలీలు.

ఎందుకలా? లెక్క చూడండి. కల్దారు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. హాలీ 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. వెండిని వెండితో భాగిస్తే 1.17. ఏడు బై ఆరే కదా!

యుద్ధకాలంలో రెండిట్లోనూ వెండి 50 శాతానికి దింపేశారు. కాబట్టి అమ్మమ్మ పెట్టెలో రూపాయి దొరికితే ముందు సంవత్సరం చూడండి (హాలీ మీద హిజ్రీ లెక్క, 1361కి ముందుదైతే మంచి వెండే). ఆపై ధర అరుదుని బట్టి. 1957 నాటి నయాపైసలంటారా, వాటిలో వెండే లేదు, పైగా బోలెడు గుద్దారు.

లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండి అనేవాళ్ళ గురించి రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.