ఉల్లికోడును ఎదిరించిన విత్తనం

విజ్ఞాన పరిశోధన అనగానే దూరదర్శినులు, ప్రయోగశాలలు, పెద్ద పెద్ద గ్రంథాలు మన కళ్ళముందు మెదులుతాయి. కాని ఆ పరిశోధన విలువ తెలియాలంటే దాని ఫలితం ఎవరి ఇంటికి చేరిందో చూడాలి. ఇందుకు వరంగల్ వరి పరిశోధన చక్కని ఉదాహరణ.

ఈ ప్రాంతపు రైతులకు ఉల్లికోడు పాత శత్రువు. దోమవంటి చిన్న ఈగ వరి మొక్కపై గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు పిలక లోపలికి చేరి మొలక అంకురాన్ని తింటుంది. అప్పుడు ఆ పిలక ఉల్లి కాడవలె తెల్లని గొట్టంగా మారుతుంది, దానికి ఇక కంకి రాదు. పురుగు లోపలే దాగి ఉండుటచేత మందు చల్లినా సులభంగా చావదు. మబ్బులు, తేమ గల వానాకాలంలో దీని ఉధృతి ఎక్కువ.

వరంగల్ పరిశోధకులు దీనికి విరుగుడును విత్తనంలోనే వెతికారు. ఈశ్వరకోర అనే దేశవాళీ వరికి ఈ పురుగును తట్టుకునే శక్తి ఉంది. దానిని ఎం.టి.యు. 15 రకంతో సంకరపరచి, ఆ సంతతి నుండి డబ్ల్యు 1263 అనే రకాన్ని ఎంపిక చేశారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐ.ఆర్. 8 ను విడుదల చేసిన తరువాత అధిక దిగుబడి వంగడాలు మన పొలాలకు వచ్చాయి. వాటికి ఉల్లికోడు బెడద తీవ్రమైంది. అప్పుడు ఈ వరంగల్ విత్తనం ఇతర రాష్ట్రాల పరిశోధకులకు కూడా పనికి వచ్చింది. అందులోని నిరోధక జన్యువుకు శాస్త్రజ్ఞులు జి.ఎం. 1 అని పేరు పెట్టారు. వరంగల్‌లోనే రూపొందిన కావ్య రకంలోనూ ఆ జన్యువే ఉంది. ఒరుగల్లు, పోతన, ఎర్రమల్లెలు కూడా ఇక్కడి వంగడాలే.

ఇందులోని మేలు గమనించదగినది. వరి ఆత్మపరాగ సంపర్కం గల పంట. కనుక ఇటువంటి రకాల గింజను పేద రైతు దాచుకొని మరుసటి ఏడు చల్లుకోవచ్చు, పొరుగువానికి ఇవ్వవచ్చు. మందుల ఖర్చు తగ్గుతుంది. ఆ గింజ పండించినవాని కులమతాలను అడగదు.

కాని కథ ఇంతటితో ముగియలేదు. పురుగు కూడా మారింది. వరంగల్‌లో తరువాత గుర్తించిన 4ఎం అనే బయోటైపు జి.ఎం. 1 రక్షణను ఛేదించింది. ఒకనాడు పంటను కాపాడిన జన్యువు ఆ నేలపైనే ఓడిపోయింది. శాస్త్రజ్ఞులు మళ్ళీ దేశవాళీ రకాలను జల్లెడ పట్టవలసి వచ్చింది. నేటివరకు పదికి మించిన నిరోధక జన్యువులను గుర్తించారు.

మన చరిత్రకారులు 12వ శతాబ్దపు ఇబ్నుల్ అవ్వామ్‌ను గర్వంగా స్మరిస్తారు. అరబ్బులు ఇష్బీలియా అని పిలిచిన సెవిల్లె నగరంలో ఆయన కితాబుల్ ఫిలాహా రచించారు. పూర్వుల మాటలను సేకరించి ఊరుకోక, తాను స్వయంగా సాగుచేసి పరీక్షించిన సంగతులను కూడా అందులో చేర్చారు. 1802లో మాడ్రిడ్‌లో ఆ గ్రంథం స్పానిష్ అనువాదంతో వెలువడింది. తరువాతివారు ఆయన గ్రంథాన్ని భద్రపరచడం మేలే. అయితే ఆయన పద్ధతిని వదలి పేరును మాత్రమే పట్టుకుంటే ప్రయోజనం ఏమిటి?

డబ్ల్యు 1263 చరిత్ర చెప్పేదీ ఇదే. నిన్నటి విజయం నేటి పొలాన్ని కాపాడదు. విద్య వారసత్వంగా వచ్చే ఆస్తి కాదు, ప్రతి తరమూ దానిని తిరిగి సంపాదించుకోవాలి. మన యువకులు పూర్వుల ఘనతను చదివిన తరువాత ఒకసారి వరి మడిలోకి కూడా దిగి చూడాలి. అక్కడ ఇంకా జవాబు దొరకని ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి.