ఒక్క మినార్, మూడు జమానాలు

ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన కేథడ్రల్ ఏది? ఈ సవాల్‌కు ఒక్క ముక్కలో జవాబు రాదు. కేథడ్రల్ అంటే పెద్ద చర్చి అని మనలో చాలామంది అనుకుంటాం. అసలు సంగతి వేరే. బిషప్ పీఠం ఏ చర్చిలో ఉంటే అది కేథడ్రల్, చిన్నదైనా సరే. జర్మనీలోని ఊల్మ్ చర్చి 161.5 మీటర్ల ఎత్తు. కానీ అక్కడ బిషప్ లేడు కాబట్టి అది కేథడ్రల్ కాదు. బార్సిలోనాలో కడుతున్న సగ్రదా ఫమీలియా 2025 అక్టోబరులో ఊల్మ్‌ను దాటేసింది. దానిదీ అదే కథ, ఆ ఊరి బిషప్ పీఠం వేరే చర్చిలో ఉంది. కాబట్టి అచ్చమైన కేథడ్రల్స్‌లో అవ్వల్ నంబరు జర్మనీలోని కొలోన్‌ది. జంట శిఖరాలు, 157 మీటర్లు.

ఈ లెక్కలు చదువుతుంటే ఒక సంవత్సరం దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. 1248. ఆ ఏడు ఆగస్టు 15న కొలోన్ కేథడ్రల్‌కు బునియాద్ రాయి వేశారు. సరిగ్గా వంద రోజులకు, నవంబరు 23న, అందలుస్‌లో ఇష్బీలియా షహర్ కాస్తీల్ రాజు మూడో ఫెర్నాండోకు లొంగిపోయింది. ఇష్బీలియా అంటే ఇవాళ్టి సెవిల్. ఒకచోట కొత్త శిఖరానికి పునాది పడింది. ఇంకోచోట, అప్పటికే ఆకాశంలో నిలబడి ఉన్న మన మినార్ చేతులు మారింది.

ఆ మినార్ కథ చెప్పాలి. మువహ్హిద్ ఖలీఫా అబూ యాఖూబ్ యూసుఫ్ 1172లో ఇష్బీలియాలో జామా మస్జిద్ తామీర్ మొదలుపెట్టించాడు. మేమార్ పేరు అహ్మద్ ఇబ్న్ బాసో. 1184లో మినార్ పని మొదలైంది, అదే ఏడు ఖలీఫా ఇంతెఖాల్ అయ్యాడు. పని ఆగింది. కొడుకు అల్ మన్సూర్ హయాంలో అలీ అల్ గుమారీ అనే మేమార్ దాన్ని మళ్ళీ ఎత్తుకున్నాడు. కింద రాయి, పైన ఇటుక. 1198లో కొనమీద మెరిసే గోళాలు నిలబెట్టడంతో పని పూర్తయింది. లోపల మెట్లు లేవు, 35 ఏటవాలు దారులు ఉన్నాయి. ముఅజ్జిన్ గుర్రమెక్కి పైదాకా వెళ్ళి అజాన్ ఇచ్చేందుకు వీలుగా అలా కట్టారని చెబుతారు. మరాకష్‌లోని కుతుబియా మినార్, రబాత్‌లో సగంలో ఆగిపోయిన హసన్ మినార్ దీనికి సగీ బెహెన్‌లు. అన్నీ అదే సల్తనత్ కట్టించినవే.

షహర్ పోతున్నప్పుడు, శత్రువు చేతిలో పడకుండా ఈ మినార్‌ను మనమే కూల్చేద్దామని అక్కడి ముస్లింలు అనుకున్నారట. ఒక్క ఇటుక కదిలినా అందరి తలలూ తీస్తానని ఫెర్నాండో కొడుకు అల్ఫోన్సో బెదిరించాడట. స్పెయిన్ తారీఖ్‌లో తరతరాలుగా చెప్పుకునే ఈ కథ ఎంతవరకు నిజమో గానీ, మినార్ మాత్రం నిలబడింది.

మస్జిద్‌నే ఒకటిన్నర శతాబ్దం పాటు కేథడ్రల్‌గా వాడుకున్నారు. 14వ శతాబ్దంలో జల్‌జలాకు మినార్ కొనమీది గోళాలు రాలిపోయాయి. ఆ తర్వాత 1401లో మస్జిద్ తీసేసి కొత్త కేథడ్రల్ కట్టాలని చర్చి పెద్దలు నిర్ణయించారు. వందేళ్ళకు పైగా పట్టింది. 1506 నాటికి ముగిసిన ఆ ఇమారత్ ఇవాళ ప్రపంచంలోకెల్లా పెద్ద గోథిక్ కేథడ్రల్. మస్జిద్ పోయింది. మినార్ మిగిలింది, సహన్ మిగిలింది. ఆ సహన్‌ను నారింజ చెట్ల ఆవరణ అని పిలుస్తారు. అక్కడి దర్వాజా కంచు తలుపుల మీద అరబీ అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి.

1558 నుంచి 1568 వరకు హెర్నాన్ రూయీజ్ అనే మేమార్ మినార్ మీద గంటల అంతస్తులు కట్టాడు. కొనమీద గాలికి తిరిగే కంచు బొమ్మ పెట్టారు. స్పానిష్‌లో తిరగడం అనే మాట నుంచే మినార్‌కు ‘గిరాల్డా’ అన్న పేరు వచ్చింది. మొత్తం ఎత్తు ఇప్పుడు 104 మీటర్లు.

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది దాని అడుగున ఉంది. పునాది దగ్గర మేమార్లు వాడిన రాళ్ళలో పాత రోమన్ ఇమారత్‌ల రాళ్ళున్నాయి. కొన్నిటి మీద లాటిన్ రాతలు కనిపిస్తాయి. అంటే కింద రోమన్ రాయి, మధ్యలో ముస్లిం ఇటుక, పైన క్రైస్తవ గంట. ‘ఇది మాది’ అని చెప్పే హక్కు ఎవరిది? గంటలు తీసేస్తే మినార్ బయటపడుతుంది. మినార్‌ను విప్పితే రోమన్ రాళ్ళు బయటపడతాయి. ఆ రాళ్ళ కింద తవ్వితే ఇంకెవరివో. ఏ ఇమారత్ కింద ఏముందని కోర్టుల్లో కొట్లాడుకునే ఈ జమానాలో మనకు ఇది దూరపు కథ కాదు.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలంటే ఆ చూపును ఇస్తాంబుల్ వైపు కూడా తిప్పాలి. ఆయా సోఫియా తొమ్మిది వందల ఏళ్ళకు పైగా చర్చి. 1453లో మస్జిద్ అయింది, గత శతాబ్దంలో మ్యూజియం అయింది, 2020లో మళ్ళీ మస్జిద్ అయింది. సెవిల్ గురించి చదివి మనకు గుండె బరువెక్కితే, ఆయా సోఫియా గురించి చదివే క్రైస్తవుడి గుండె కూడా మన గుండెలాంటిదే. ఒక చోట అఫ్సోస్, ఇంకో చోట ఫఖర్ పడితే అది తారీఖ్ కాదు, తరఫ్‌దారీ.

ఇక కొలోన్ దగ్గరికి వద్దాం. 1248లో రాయి వేసినవాళ్ళ మనవళ్ళు, వాళ్ళ ముని మనవళ్ళు కూడా శిఖరం చూడలేదు. సుమారు 1473లో శిఖరం పని ఆగింది. పైకి రాళ్ళెత్తే చెక్క క్రేన్ దాదాపు నాలుగు వందల ఏళ్ళు సగం కట్టిన బురుజు మీద అలాగే నిలబడి ఉంది. 1814లో ముందుభాగం పాత నఖ్షా దొరికింది. 1842లో పని మళ్ళీ మొదలై 1880లో ముగిసింది. మొత్తం 632 ఏళ్ళు! దీని పేరే సబర్.

సబర్ లేనిచోట ఏమవుతుందో ఫ్రాన్స్‌లోని బోవే చెబుతుంది. అందరికంటే ఎత్తుగా కట్టాలని అక్కడ పైకప్పును 48 మీటర్లకు లేపారు. 1284లో అందులో కొంత కూలింది. అయినా ఆగలేదు. 1569లో 153 మీటర్ల శిఖరం కట్టారు. నాలుగేళ్ళకే, 1573లో, అదీ కూలింది. మళ్ళీ కట్టలేదు. జనం కూర్చోవాల్సిన పొడవాటి నడి భాగం ఈనాటికీ లేదు. ఇంగ్లండ్‌లో లింకన్ కేథడ్రల్ శిఖరం 160 మీటర్లని చెబుతారు. అదీ 1548లో పడిపోయింది. ఎత్తుకు గురూర్ తోడైతే ఇబ్రత్ మిగులుతుంది. ఈ మాట మనకూ వర్తిస్తుంది. కాసాబ్లాంకాలో 210 మీటర్ల మినార్, అల్జీర్స్‌లో 265 మీటర్ల మినార్ లేచాయి. సఫ్ఫులు నిండుతున్నాయా అన్నది ఎత్తు చెప్పదు.

మన దగ్గర కూడా ఒక అచ్చమైన కేథడ్రల్ ఉంది. అందరూ మెదక్ చర్చి అంటారు. బిషప్ పీఠం ఉంది కాబట్టి, ఊల్మ్‌కు దక్కని పేరు దానికి దక్కింది. గంటల బురుజు 175 అడుగులు, అంటే 53 మీటర్లు. కొలోన్‌లో మూడో వంతు. నిజాం హయాంలో, కహత్ రోజుల్లో, పోస్నెట్ దొర పేదలకు కట్టడం పని ఇచ్చి, కూలికి తిండి పెట్టాడు. 1924 డిసెంబరు 25న తలుపులు తెరిచారు.

ఎత్తుల జాబితాలో మెదక్ ఎక్కడా కనిపించదు. కానీ ఆకలి కాలంలో రాయి మోసి రొట్టె తిన్న మజ్దూర్ల ఔలాద్ ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉంది. వాళ్ళను అడిగితే ఆ బురుజు ఎంత ఎత్తో మీటర్లలో చెప్పరు.