జోలార్‌పేట ఎక్కుడు, బడిలో చెప్పే వాలు



మన బొమ్మనహళ్ళి పిల్లల్ని "గీత వాలు ఎంత?" అని అడిగితే సూత్రం గడగడా అప్పజెబుతారు. వాలంటే ఏమిటని అడిగితే తెల్లమొహం వేస్తారు. వాళ్ళని అనడానికి లేదు. మేము తమిళ మీడియంలో దాన్నే 'సాయ్వు' అని బట్టీ పట్టాం. ఇంట్లో పెద్దవాళ్ళు "కప్పుకు వాలు చాల్లేదు, నీళ్ళు నిలుస్తాయి" అనేవాళ్ళు. రెండూ ఒకటేనని రైల్వేలో చేరాకే తెలిసింది.

గీతను సమీకరణంగా రాయవచ్చని 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో దెకార్త్, ఫెర్మా చూపించారు. దెకార్త్ 'జ్యామితి' 1637లో అచ్చయింది. మన ఊరికి ఆ లెక్క పట్టాల మీద వచ్చింది. 1864లో మద్రాసు రైల్వే వాళ్ళు జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు లైను వేశారు. ఆ దారి తమిళనాట మొదలై, మన తెలుగు కుప్పం మీదుగా కన్నడ నేలకు ఎక్కుతుంది.

జోలార్‌పేట ఎత్తు సుమారు 400 మీటర్లు, బెంగళూరు సుమారు 900. మధ్య దూరం సుమారు 145 కిలోమీటర్లు. ఎక్కుడంతా ఒకే తీరుగా ఉందనుకుని, రెంటినీ మీటర్లలో పెడితే సమీకరణం ఇది:

దూరం − 290 × ఎత్తు + 1,16,000 = 0

బడిలో దూరాన్ని ఎక్స్ అని, ఎత్తును వై అని అంటారు. వాలు కావాలంటే ఎత్తును ఒంటరిగా ఒక పక్కకు తేవాలి:

290 × ఎత్తు = దూరం + 1,16,000
ఎత్తు = (1/290) × దూరం + 400

దూరాన్ని గుణించే 1/290 వాలు. చివరి 400 బయలుదేరిన చోటి ఎత్తు. మొదటి వరుసలో ఎత్తు ముందున్న 290ని చూసి అదే వాలనుకుంటే తప్పు. పట్టాల పక్కన గ్రేడియంట్ పలక మీద 290 అని ఉంటే, 290 మీటర్లు పోతే 1 మీటరు ఎక్కుతామని అర్థం. పలక మీద అంకె పెద్దదయ్యేకొద్దీ ఎక్కుడు తక్కువ.

అసలు కష్టం ఈ సగటులో కనబడదు. కుప్పం ఎత్తు సుమారు 680 మీటర్లు. అంటే మొదటి 40 కిలోమీటర్లలోనే 280 మీటర్లు ఎక్కేశాం. అక్కడ సగటు వాలు 143కి 1. మిగతా 105 కిలోమీటర్లలో ఎక్కేది 220 మీటర్లే. గూడ్సు బండికి ఎంత బరువు కట్టాలో మొత్తం సగటు చూసి తేల్చరు. దారిలో అన్నిటికంటే నిటారైన ఎక్కుడును చూస్తారు. అక్కడ ఇంజను చాలకపోతే వెనక ఇంకొకటి తగిలిస్తారు.

మన పిల్లల సంగతీ అంతే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బళ్ళో ఇంగ్లీషు. మార్కుల సగటు చూసి మెచ్చుకోవడమో తిట్టడమో కాదు, ఏ ఎక్కుడు దగ్గర ఆగిపోయారో చూడాలి. వెనకనుంచి తోసే ఇంజను మనమే కావాలి.