దవడ నొప్పి: నేరం పళ్లదా, కండరాలదా?

బాధను ‘పంటి బిగువున’ భరించడం అన్నది మన నుడికారం. మనసులోని ఒత్తిడి దవడకు పాకుతుందని మన పెద్దలు ఎరుగుదురు. వైద్యశాస్త్రం ఈ సంగతిని అంగీకరించడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినవారు రోగులే.

1918లో అమెరికాలోని బోస్టన్ నగరపు ఆర్థోడాంటిస్టు ఆల్ఫ్రెడ్ రోజర్స్ కండరాల శిక్షణపై ఒక వ్యాసం ప్రచురించారు. పళ్లను తీగలతో వరుసలోకి తెస్తే చాలదనీ, పెదవులకు, నాలుకకు, నమిలే కండరాలకు వ్యాయామం నేర్పాలనీ ఆయన వాదించారు. నేటి మయోఫంక్షనల్ థెరపీకి ఇది తొలి పునాదులలో ఒకటి.

దవడ నొప్పి చికిత్స మాత్రం వేరొక దారి పట్టింది. 1934లో సెయింట్ లూయిస్‌లోని చెవి, ముక్కు, గొంతు వైద్యుడు జేమ్స్ కాస్టెన్ చెవి దిబ్బడ, తలనొప్పి, దవడ నొప్పి వంటి లక్షణాలను ఒకచోట చేర్చి వర్ణించారు. వెనుక పళ్లు ఊడినవారిలో కింది దవడ మరీ పైకి మూసుకొని, కీలు వెనుకనున్న నరాలను నొక్కుతున్నదని ఆయన భావించారు. శరీర నిర్మాణం ఈ వివరణను సమర్థించదని 1948లో హ్యారీ సిచర్ చూపించారు. అయినప్పటికీ పళ్ల పొందికలోనే దోషమున్నదన్న నమ్మకం చెదరలేదు. ఆ నమ్మకంతో ఆరోగ్యకరమైన పళ్లను సైతం అరగదీశారు. అరగదీసిన ఎనామిల్ తిరిగి పెరగదు.

1950లలో కొలంబియా విశ్వవిద్యాలయంలో లాస్లో ష్వార్ట్జ్ దృష్టిని కండరాల వైపు మళ్లించారు. పళ్లు బిగబట్టే అలవాటు వల్ల కండరాలు అలసి, పట్టేసి, నొప్పి పుట్టిస్తాయని 1969లో డేనియల్ లాస్కిన్ ప్రతిపాదించారు. 1976లో ఆయన బృందం 25 మంది రోగులకు పళ్లు అరగదీస్తున్నట్టు నటించి, నిజానికి ఏమీ అరగదీయలేదు. వారిలో 16 మందికి నొప్పి పూర్తిగానో, దాదాపు పూర్తిగానో తగ్గింది! మేలు చేసింది పంటిని అరగదీయడమేనన్న ధీమాకు ఇది పెద్ద దెబ్బ. తిరిగి సరిదిద్దుకోగల చికిత్సలకే మొదటి స్థానమివ్వాలని 1996లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం సూచించింది.

కండరాల శిక్షణ అటువంటి చికిత్సే. అయితే అది సర్వరోగ నివారిణి కాదు. 1970లలో నాలుక అలవాట్లను మాన్పించే శిక్షణకు విపరీతమైన ప్రచారం లభించినప్పుడు, తగిన ఆధారాలు లేవని అమెరికా దంతవైద్య, వాక్‌చికిత్స నిపుణుల సంయుక్త సంఘమే హెచ్చరించింది. దవడ నొప్పిలో వ్యాయామాల వల్ల ఉపశమనం సాధ్యమే గానీ, అందరికీ ఒకే ఫలితం ఉండదు.

ఈ చరిత్ర నేర్పిన పాఠం చిన్నది. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పళ్లు ఒకదానికొకటి తగలనవసరం లేదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు వాటి మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఎడం సహజం. పెదవులు మృదువుగా కలిసి, పళ్లు విడిగా, నాలుక కొన అంగిలికి ఆనుకొని ఉండాలి. శ్వాస ముక్కుతో సాగాలి. పనిలో ఉండగా గంటకొకసారి దవడ స్థితిని గమనించుకోండి.

నోరు తెరుచుకోకపోయినా, వాపు, జ్వరం ఉన్నా వైద్యుని సంప్రదించండి. నడిచినప్పుడు దవడ లాగి, ఆగితే తగ్గుతుంటే అది గుండె జబ్బు సంకేతం కావచ్చు; ఆలస్యం తగదు. కీలు, కండరాల నొప్పి అని తేలినప్పుడు, పళ్లను అరగదీయించుకునే ముందు పళ్లు బిగబట్టే అలవాటును వదిలించుకునే ప్రయత్నం చేయండి.