కచేరీ ఇంగ్లీషు: దుబాసీల కాలం



ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలన్న మాట ఐ.టి. కంపెనీలతో మొదలైందని మీరు అనుకోవచ్చు. దాని చరిత్ర ఈస్టిండియా కంపెనీ నాటిది. 1639లో మద్రాసు స్థలాన్ని పొందిన కంపెనీ వర్తకులకు ఇక్కడి భాషలు రావు. ఇక్కడి నేతగాళ్లకు, వ్యాపారులకు ఇంగ్లీషు రాదు. వీరి మధ్య నిలిచినవాడు దుబాసీ. 'ద్విభాషి' అనే సంస్కృత పదానికి ఇది వ్యవహార రూపం. బేరాలు, ఒప్పందాలు అతని నోటి మీదుగా సాగేవి. అందుకే భాష అతనికి జీవనోపాధితో పాటు పలుకుబడినీ ఇచ్చింది.

వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) 1815లో మద్రాసు సదర్ అదాలత్‌లో అనువాదకుడయ్యారు. ప్రభుత్వం ఇంగ్లీషు విద్యను విధానంగా ప్రకటించిన 1835కు ఇరవై ఏళ్ల ముందు సంగతి ఇది. అంటే, విధానం కంటే ముందే కచేరీ అవసరం ఇంగ్లీషు నేర్పిందన్నమాట. ఆయన తన జీవితకథను ఇంగ్లీషులో రాశారు. అది 1873లో అచ్చయింది. మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామి మాత్రం 'కాశీయాత్ర చరిత్ర'ను తెలుగులో రాశారు.

ఒక్క విషయం గమనించండి. ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాడు దుబాసీ కాలేడు. రెండో భాష తెలిసినందువల్లే అతనికి ఆ విలువ దక్కింది. తెలుగు మాధ్యమంలో చదువుతున్న మీరు ఇంగ్లీషును శ్రద్ధగా నేర్చుకోండి. మీ తెలుగును లోటుగా మాత్రం లెక్కించకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: దుబాసీకి పలుకుబడి ఎలా వచ్చింది?